మన బొమ్మ మన చేత్తో

(గిరిజన విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

మాచర్ల, గురజాల, నరసరావుపేట కాలేజీల నుంచి, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి వైపు తండాల నుంచి, గూడేల నుంచి, కాలనీల నుంచి వచ్చిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ నాలుగు మాటలూ మీ కోసమే.

నేను డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. సిలబస్‌లో ఉన్న పాఠాల పక్కన కొన్నేళ్లుగా గ్రాఫిక్ నవలలు, అంటే బొమ్మల్లో నడిచే నవలలు కూడా తరగతిలో చదివిస్తున్నాను. సంఘం వాళ్లు నన్ను "కాలేజీ చదువులో మన గుర్తింపు" అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఆ పుస్తకాల దారిలోనే ఈ విషయానికి వస్తాను. బొమ్మల పుస్తకాలు చిన్నపిల్లలవి కదా అని పెద్దలెవరైనా అనుకుంటే, కాసేపు ఓపిక పట్టమని మనవి.

రెండక్షరాల గుర్తింపు

కాలేజీలో మన గుర్తింపు ఎక్కడ మొదలవుతుంది? అప్లికేషన్ ఫారంలో. కులం సర్టిఫికెట్ జిరాక్స్ జతచేస్తాం. ఒక గడిలో "ఎస్టీ" అని రాస్తాం. ఆ రెండక్షరాలను తక్కువ చేసి మాట్లాడను. వాటి వెనక రాజ్యాంగం ఉంది, అంబేడ్కర్ ఉన్నారు, మన పెద్దల పోరాటం ఉంది. మీ హాస్టల్ సీటు, మీ స్కాలర్‌షిప్ ఆ రెండక్షరాల మీదే నిలబడి ఉన్నాయి.

కానీ ఆ గడిలో మనమంతా ఒకటే. సుగాలీ, ఎరుకల, యానాది, చెంచు అందరూ "ఎస్టీ". నిజానికి ఈ హాల్లోనే ఎన్ని లోకాలున్నాయో చూడండి. తండాలో మాట్లాడే గోర్ బోలి రాజస్థానీ, గుజరాతీ వైపు భాషలకు చుట్టం. ఎరుకల భాష తమిళానికి దగ్గరి ద్రావిడ భాష. యానాదులు, చెంచులు తమ యాసలో తెలుగే మాట్లాడతారు. ఒకరి చరిత్ర ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుపోయిన లదేణి బాటల్లో ఉంది. ఒకరిది ఈత బుట్టలోనూ ఎరుక చెప్పే నోటిలోనూ ఉంది. ఒకరిది చెరువులూ వాగుల వెంట, ఇంకొకరిది నల్లమల తేనె కొండల్లో. ఇన్ని తేడాలు ఫారం గడిలో పట్టవు.

ఇంకో వింత చెబుతాను. మన బంజారాలు ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీలు. తెలంగాణలో 1976 చట్టంతో ఎస్టీలయ్యారు. కర్ణాటకకు వెళితే ఎస్సీ జాబితాలో ఉంటారు. మహారాష్ట్రలో విముక్త జాతులు. రాజస్థాన్‌లో ఓబీసీ. పాట అదే, భాష అదే, పండగ అదే. రాష్ట్రం సరిహద్దు దాటితే గడి మారుతుంది. అంటే గడి మనకు హక్కులిస్తుంది గానీ, మనమెవరమో పూర్తిగా చెప్పదు. ఆ మిగతాది చెప్పుకోవడం మన పని. కాలేజీ చదువు ఆ పనిలో మనకు సాయపడాలి.

తరగతిలో నిలబెట్టిన పిల్లవాడు

ఇప్పుడు కాలేజీల్లో "వైవిధ్యం" అనే మాట బాగా వినిపిస్తోంది. మంచిదే. అయితే ఆ పాఠం ఎలా చెబుతున్నారన్నది ముఖ్యం. నా చదువు రోజుల్లో ఒకసారి మన దేశంలోని తెగల గురించి పాఠం జరుగుతోంది. మాస్టారు పుస్తకం మూసి, నన్ను లేపి, "మీ వాళ్లలో పెళ్లిళ్లు ఎలా చేస్తారో అందరికీ చెప్పు" అన్నారు. ఆయన మంచి ఉద్దేశంతోనే అడిగారు. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. మా తండాలో పెళ్లి గురించే నాకు సగం తెలుసు. అలాంటిది దేశంలోని లంబాడీలందరి తరఫునా చెప్పాలి. క్లాసు మొత్తం నా వైపు తిరిగింది. ఏదో నాలుగు ముక్కలు చెప్పి కూర్చున్నాను. ఆ తర్వాత చాలా రోజులు వెనక బెంచీకి మారిపోయాను.

ఇలాంటిది మీలో చాలామందికి జరిగే ఉంటుంది. వైవిధ్యం పాఠం చెబుతూ ఒక పిల్లవాణ్ని వస్తువులా నిలబెట్టడం పాఠం కాదు. మరి ఎలా చెప్పాలి? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నప్పుడే నాకు గ్రాఫిక్ నవలలు పనికొచ్చాయి. బల్ల మీద ఒక పేజీ ఉంటుంది. అందరూ ఆ పేజీ వైపు చూస్తారు. ఎవరినీ ఎవరూ లేపి నిలబెట్టనక్కర్లేదు. "ఈ మనిషిని ఇంత చిన్నగా ఎందుకు గీశారు? ఈమె మొహం ఎందుకు కనపడటం లేదు? ఈ రెండు బొమ్మల మధ్య ఏం జరిగి ఉంటుంది?" అని అడిగితే ఏ ఊరి పిల్లలైనా మాట్లాడతారు. మాట్లాడుతూ మాట్లాడుతూ తమ సంగతి తామే చెప్పుకుంటారు, చెప్పాలనిపించినంతే.

ఈ పుస్తకాలు ఏమిటి

మనకు చందమామ తెలుసు, అమర చిత్ర కథలు తెలుసు. గ్రాఫిక్ నవల కూడా బొమ్మలు, మాటలు కలిపి చెప్పే కథే. తేడా ఏమిటంటే, ఇందులో పెద్దవాళ్ల జీవితం ఉంటుంది. యుద్ధం, వలస, అవమానం, ఇల్లు పోగొట్టుకోవడం, పేరు మార్చుకోవడం ఉంటాయి.

అమెరికాలో ఆర్ట్ స్పీగెల్మన్ అనే చిత్రకారుడు, హిట్లర్ కాలపు నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ తన తండ్రి కథను "మౌస్" పేరుతో గీశాడు. అందులో యూదులు ఎలుకలు, నాజీలు పిల్లులు. 1992లో ఆ పుస్తకానికి పులిట్జర్ ప్రత్యేక బహుమతి వచ్చింది. ఇరాన్‌లో పుట్టిన మర్జాన్ సత్రాపి, 1979 విప్లవం తన చిన్నతనాన్ని ఎలా మార్చేసిందో "పెర్సెపోలిస్"లో నలుపు తెలుపు బొమ్మల్లో చెప్పింది.

మన పిల్లలకు బాగా దగ్గరయ్యే పుస్తకం ఇంకొకటుంది. జీన్ లుయెన్ యాంగ్ 2006లో తెచ్చిన "అమెరికన్ బోర్న్ చైనీస్". అందులో జిన్ వాంగ్ అనే చైనా మూలాల కుర్రాడు కొత్త బడిలో చేరతాడు. టీచరమ్మ అతని పేరు తప్పు పలుకుతుంది. చైనా నుంచి వచ్చాడని పిల్లలకు పరిచయం చేస్తుంది. అతను పుట్టింది అమెరికాలోనే. మెల్లగా ఆ పిల్లవాడికి తన మొహం, తన అన్నం డబ్బా, తన పేరు అన్నీ బరువనిపిస్తాయి. చివరికి తెల్ల కుర్రాడిలా మారిపోవాలనుకుంటాడు, కథలో నిజంగానే మారిపోతాడు. ఆ మార్పుకు అతను చెల్లించిన ధర ఏమిటన్నదే కథ.

ఈ కథ చదివించినప్పుడు నేను ప్రత్యేకంగా ఏమీ చెప్పనక్కర్లేదు. ఊరి పేరు అడిగితే తండా పేరు చెప్పకుండా పక్కనున్న పెద్ద ఊరి పేరు చెప్పడం మనకు తెలుసు. ఫోన్‌లో అమ్మతో గోర్ బోలిలో మాట్లాడుతూ, బస్సులో ఎవరో చూస్తున్నారని తెలుగులోకి మారడం మనకు తెలుసు. ఎక్కడో కాలిఫోర్నియా కుర్రాడి కథలో ఆ సంగతి కనిపించినప్పుడు, ఇది నా ఒక్కడి సిగ్గు కాదని తెలుస్తుంది. అది తెలియడమే సగం ఊరట.

పల్నాటికి ఇది కొత్త కాదు

బొమ్మల వరసలో కథ చెప్పడం బయటినుంచి వచ్చిందేమీ కాదు. మాచర్ల పక్కన విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియంకు వెళ్లి చూడండి. 3, 4 శతాబ్దాల ఇక్ష్వాకుల కాలపు శిల్పాలున్నాయి. మన పల్నాటి సున్నపురాతిలో బుద్ధుడి జీవితం, జాతక కథలు వరసగా చెక్కారు. ఒక ఘట్టం, దాని పక్కన ఒక జంట బొమ్మ, తర్వాత ఇంకో ఘట్టం. ఆ జంట బొమ్మే గడికీ గడికీ మధ్య గీత. ఇవాళ కామిక్ పేజీ చేసే పని అదే. అక్షరం రాని యాత్రికుడు కూడా ఆ రాయి ముందు నడుస్తూ కథ తెలుసుకునేవాడు.

తెలంగాణలో చేర్యాల నకాశీ పటాలు చూడండి. ఒక్కో కులానికి ఒక్కో పురాణం. పొడవైన గుడ్డ మీద వరసగా బొమ్మలు, దాన్ని విప్పుతూ కథకుడు పాడతాడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, మాదిగలకు జాంబ పురాణం. అంటే తన పుట్టుక కథ బొమ్మల్లో చూసుకోవడం మన నేలమీద పాత అలవాటే. కారెంపూడిలో ఏటా వీరుల ఉత్సవానికి వెళ్లేవాళ్లకు తెలుసు, వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథ పాడతారు. శ్రీనాథుడు రాసినా రాయకపోయినా ఆ కథ వాళ్ల గొంతులో బతికింది. కథ ఎవరి గొంతులో ఉందన్నది చిన్న విషయం కాదు.

మనల్ని ఎవరు గీశారు

ఇక్కడ మన వైపు చూసుకుందాం. మన బొమ్మ ఇంతవరకు ఎవరు గీశారు?

మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. లంబాడీ, ఎరుకల, యానాది, చెంచు అందరూ అందులో ఉన్నారు. ఆయన మనుషుల తలలు, ముక్కులు కొలిచేవాడు. ఫోటోలు తీసేవాడు. ఆ పుస్తకాల్లో పనికొచ్చే సమాచారం చాలా ఉంది, కాదనను. కానీ కెమెరా ముందు నిలబడ్డ ఆ మనిషి ఏమనుకుంటున్నాడో ఆ పేజీలో లేదు.

అంతకంటే గట్టి బొమ్మ పోలీసు రికార్డు గీసింది. 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ పాకింది. పుట్టుకతోనే కొన్ని తెగల వాళ్లు నేరస్థులని రాసేశారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో ఎరుకల సెటిల్‌మెంటుగా మొదలైంది. చట్టం 1952లో రద్దయింది. కాగితం మీద రద్దయింది గానీ, ఊరి పేరు వినగానే జనం మొహంలో కనపడే బొమ్మ రద్దు కాలేదు. ఆ ఊళ్లో పుట్టి టీచరైన మనిషి, నర్సైన మనిషి, రైల్వేలో చేరిన మనిషి ఎవరి బొమ్మలోకీ రారు.

సినిమాల్లో మనం ఎలా ఉంటామో మీకు నేను చెప్పనక్కర్లేదు. అద్దాల రవిక వేసుకుని ఒక పాటలో గంతులేసి వెళ్లిపోతాం.

కొలతల బొమ్మ ఒకటి, నేరం బొమ్మ ఒకటి, వినోదం బొమ్మ ఒకటి. మూడూ బయటివాళ్లు గీసినవే. మా భాషలో మనవాణ్ని గోర్ అంటాం, బయటివాణ్ని కోర్ అంటాం. కోర్ గీయకూడదని నేననను. మనవాళ్ల చెయ్యి అందులో లేకపోవడమే నా బాధ.

వ్యామ్ దంపతుల పేజీ

మనవాళ్ల చెయ్యి పడితే పుస్తకం ఎలా ఉంటుందో చూపించే పుస్తకం ఒకటి మన దేశంలోనే వచ్చింది. పేరు "భీమాయన". 2011లో నవయాన సంస్థ ప్రచురించింది. బొమ్మలు వేసింది మధ్యప్రదేశ్‌కు చెందిన పర్ధాన్ గోండు దంపతులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. రచన శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్. అంబేడ్కర్ తన జీవితంలో అంటరానితనం ఎలా ఎదురైందో రాసుకున్న జ్ఞాపకాల ఆధారంగా నడిచిన కథ ఇది.

పుస్తకం ఎలా మొదలవుతుందో వినండి. ఒక బస్టాపు. ఒక కుర్రాడు రిజర్వేషన్ల మీద విసుక్కుంటాడు. పక్కనున్న ఆమె అతనికి భీమ్‌రావ్ అనే పిల్లవాడి కథ చెప్పడం మొదలుపెడుతుంది. మన కాలేజీ క్యాంటీన్‌లో ఈ సంభాషణ ఎన్నిసార్లు విన్నాం! మనం కోపంతో లేచిపోతాం, లేదా తలదించుకుంటాం. ఆ పుస్తకంలో ఆమె కథ చెబుతుంది. బడిలో దాహం వేసినా నీళ్లు ముట్టనివ్వని చిన్నతనం, విదేశాల్లో చదివి వచ్చినా బరోడాలో తలదాచుకోవడానికి చోటు దొరకని రోజు, బండివాడు ఎక్కించుకోని ప్రయాణం. నీళ్లు, నీడ, ప్రయాణం. ఈ మూడింటి మీదే పుస్తకం నడుస్తుంది.

ఇప్పుడు బొమ్మల సంగతి. పర్ధానులు తరతరాలుగా గోండుల కథకులు. బానా వాయిద్యం మీద వంశగాథలు పాడేవాళ్లు. వాళ్ల ఇళ్ల గోడల మీద, నేల మీద ఆడవాళ్లు వేసే ముగ్గులాంటి అల్లికను దిగ్నా అంటారు. మామూలు కామిక్‌లో పేజీని చతురస్రపు గడులుగా కోస్తారు. వ్యామ్ దంపతులు అలా కోయలేదు. తమ మనుషులను డబ్బాల్లో పెట్టి ఊపిరాడకుండా చేయడం వాళ్లకు ఇష్టం లేకపోయింది. గడి గీతల బదులు దిగ్నా అల్లిక పారుతుంది. మెత్తని మాట పిట్ట ఆకారపు బుడగలో ఉంటుంది. కుట్టే మాట ఉన్న బుడగకు తేలు కొండి ఉంటుంది. మనసులో అనుకున్న మాటకు ఒక కన్ను ఉంటుంది. రైలు పాములా సాగుతుంది.

తరగతిలో ఈ పేజీ ముందు నేను ఎక్కువసేపు ఆగుతాను. తేలు కొండి ఉన్న బుడగ చూపించి, "మీరు ఈ వారంలో విన్న మాటల్లో ఏ మాటకు ఈ బుడగ వేస్తారు?" అని అడుగుతాను. జవాబు పైకి చెప్పక్కర్లేదు, కాగితం మీద వేస్తే చాలు. ఏ కులం పిల్లలైనా వేస్తారు. అమ్మాయిలు వేస్తారు, నల్లగా ఉన్న పిల్లలు వేస్తారు, ఇంగ్లీషు రాదని వెక్కిరింపు పడ్డ పిల్లలు వేస్తారు. తన కాగితం తాను చూసుకున్నాక పక్కవాడి కాగితం వైపు చూసే చూపు మారుతుంది. వైవిధ్యం పాఠమంటే నా దృష్టిలో ఇదే.

ఇంకో సంగతి. దుర్గాబాయి వ్యామ్ బడికి పోలేదు. చిన్నప్పటి నుంచి దిగ్నా వేస్తూ నేర్చుకుంది. ఆమె పేరున్న ఈ పుస్తకాన్ని యూజీసీ 2015లో ఇచ్చిన ఇంగ్లీషు ఆనర్స్ నమూనా సిలబస్‌లో, ప్రజాదరణ పొందిన సాహిత్యం అనే పేపర్లో పెట్టారు. ఢిల్లీ విశ్వవిద్యాలయం పిల్లలు అదే పేపర్లో షెర్లాక్ హోమ్స్ తరహా డిటెక్టివ్ నవల, దాంతోపాటు భీమాయన చదివారు. చూపులేని విద్యార్థులు దీని బదులు అంబేడ్కర్ స్వయంగా రాసుకున్న జ్ఞాపకాలు చదువుకునే వీలు కూడా ఆ సిలబస్‌లో ఉంది. 2022లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. బడికి పోని ఆదివాసీ స్త్రీ వేసిన పేజీ డిగ్రీ పరీక్షకు పాఠమైంది. మన ఇళ్లలో అద్దాలు కుట్టే అవ్వకు ఈ ముక్క చెప్పండి.

మునిగిన లోయ కథ

మరో పుస్తకం మన పల్నాటివాళ్లు తప్పక చూడాల్సింది. ఓరిజిత్ సేన్ 1994లో గీసిన "రివర్ ఆఫ్ స్టోరీస్". నర్మదా నది మీద ఆనకట్టల వల్ల ఊళ్లు పోగొట్టుకున్న ఆదివాసుల గురించి. మన దేశంలో మొదటి గ్రాఫిక్ నవలగా చాలామంది దీన్నే చెబుతారు. ఇందులో రెండు దారాలున్నాయి. ఒక దాంట్లో నగరపు విలేకరి లోయకు వెళతాడు. ఇంకో దాంట్లో ఆదివాసీ గాయకుడు లోకం ఎలా పుట్టిందో పాడతాడు. ప్రభుత్వ లెక్కల్లో మునిగేది కొన్ని ఎకరాలు. పాటలో మునిగేది సృష్టి మొదలైన చోటు. రెండూ ఒకే పుస్తకంలో పక్కపక్కన చూసినప్పుడు పోయిందేమిటో అర్థమవుతుంది.

ఇప్పుడు నాగార్జునసాగర్ వైపు చూడండి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లు పల్నాటికి అన్నం పెట్టాయి, అందులో సందేహం లేదు. మన పొలాలకూ పారాయి. అదే నీళ్ల కింద నాగార్జునకొండ లోయ మునిగింది. మునగకముందు పురావస్తు శాఖ ఏళ్ల తరబడి తవ్వి, కట్టడాలను కొండ మీదికి, ఒడ్డుకు తరలించి మళ్లీ నిలబెట్టింది. గొప్ప పని. రాళ్ల కథ మ్యూజియంలో భద్రంగా ఉంది. ఆ లోయలో ఉండి, లేచి వచ్చిన మనుషుల కథ ఏ మ్యూజియంలో ఉంది? అది మీ తాతల దగ్గర, నానమ్మల దగ్గర ఉంది. అప్పుడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకు ఇవాళ ఎనభై దగ్గరపడుతోంది. ఈ లెక్క ఒకసారి మనసులో వేసుకోండి. నేను ఇవాళ ఇంత గట్టిగా మాట్లాడటానికి కారణం ఈ లెక్కే.

మీరు చేయాల్సిన పని

"సార్, మాకు బొమ్మలు రావు" అంటారు. తరగతిలో మొదటి రోజు అందరూ అనే మాటే ఇది. స్కాట్ మెక్‌క్లౌడ్ అనే ఆయన 1993లో కామిక్స్ ఎలా పనిచేస్తాయో కామిక్ రూపంలోనే ఒక పుస్తకం రాశాడు. ఆయన చెప్పిన రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, మొహం ఎంత మామూలు గీతల్లో ఉంటే చదివేవాడు అందులో తనను అంత బాగా చూసుకుంటాడు. కాబట్టి గుండ్రం, రెండు చుక్కలు, ఒక గీత చాలు. రెండు, అసలు కథ గడికీ గడికీ మధ్య ఉన్న ఖాళీలో జరుగుతుంది. ఆ ఖాళీని చదివేవాడే నింపుకుంటాడు. కాబట్టి అన్నీ గీయనక్కర్లేదు.

ఆరు గడులు చాలు. మొదటి గడిలో చోటు చూపించండి. తండానా, గూడెమా, కాలువ గట్టా, మిర్చి కల్లమా. రెండో గడిలో మనిషి. మూడు, నాలుగు గడుల్లో ఏం జరిగింది. అయిదో గడిలో ఎవరు ఏ మాటన్నారు. ఆరో గడిలో ఆ మనిషి ఇవాళ ఎక్కడ ఉన్నాడు. నానమ్మ దగ్గర కూర్చుని, ఫోన్ రికార్డు పెట్టి, ఒకే ఒక్క రోజు కథ అడగండి. జీవితమంతా అడిగితే ఏమీ చెప్పలేరు. "మొదటిసారి బస్సెక్కిన రోజు చెప్పు" అంటే గంట చెబుతారు.

భాష దగ్గర రాజీపడకండి. గోర్ బోలికి సొంత లిపి వాడుకలో లేదు, కానీ తెలుగు లిపిలో రాసుకోవచ్చు. యాడి మాట యాడి భాషలోనే బుడగలో రాయండి. కింద చిన్న అక్షరాల్లో తెలుగు ఇవ్వండి. ఎరుకల పిల్లలు కూడా అలాగే చేయవచ్చు. తెలుగులో రాస్తున్న మన నిజామాబాద్ లంబాడీ కుర్రాడు రమేశ్ కార్తీక్ నాయక్‌కు 2024లో "ఢావ్లో" కథలకు సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. పుస్తకం పేరే తండా మాట. పేరు అర్థం కాదని ఎవరూ దాన్ని పక్కన పెట్టలేదు.

గడి గీత కూడా మనదే కావచ్చు. వ్యామ్ దంపతులకు దిగ్నా ఉంటే మనకు కాంచళి మీద కుట్టు ఉంది, ఫేటియా అంచు ఉంది. ఎరుకల ఇంట్లో బుట్ట అల్లిక ఉంది. యానాది వల కన్నులున్నాయి. చెంచు తేనె తాడు ముడులున్నాయి. వీటిలో ఏదైనా పేజీ అంచు కావచ్చు. స్టిక్కర్‌లా అతికించకండి. అది వేసే చేతిని అడిగి, ఎక్కడ మొదలుపెడతారో, ఎక్కడ ముడి వేస్తారో తెలుసుకుని వేయండి.

కొన్ని జాగ్రత్తలు చెబుతాను. ఎవరి కథ గీసినా వాళ్లను అడిగి గీయండి, గీశాక వాళ్లకే మొదట చూపించండి. పేరు వద్దంటే మార్చండి. దేవర దగ్గర, ఇంటి పూజలో బయట చెప్పకూడనివి ఉంటాయి. వాటిని బయట పెట్టకండి. అన్నీ చూపిస్తేనే గుర్తింపు అనుకోవద్దు. మరో మాట. మనల్ని మనం దేవతలుగా కూడా గీసుకోవద్దు. తండాలో సారా ఉంది, చిన్న వయసులో పెళ్లిళ్లు జరిగిన ఇళ్లున్నాయి, ఆడపిల్ల చదువు ఆగిన ఇళ్లున్నాయి. సుగాలీ ఇంట్లో యానాదిని చిన్నచూపు చూసిన రోజులూ ఉన్నాయి. అవి కూడా మన చేత్తోనే గీయాలి. బయటివాడు గీస్తే నింద అవుతుంది. మన ఆడపిల్ల గీస్తే ఇంట్లో మాట్లాడుకోవాల్సిన విషయమవుతుంది.

"దీంతో ఉద్యోగం వస్తుందా?" అని తండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. గ్రూప్స్ పరీక్షకు ఇది నేరుగా పనికిరాదు. కానీ ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అంటే రెండు ముక్కలు చెప్పలేక ఆగిపోయే పిల్లల్ని నేను చాలామందిని చూశాను. తన తాత కథ ఆరు గడుల్లో పెట్టడం నేర్చుకున్న పిల్ల ఆ ప్రశ్నకు ఆగదు. అదీగాక పుస్తకాలకు బొమ్మలు వేయడం, యానిమేషన్, డిజైన్ ఇవాళ అన్నం పెట్టే పనులే. భజ్జు శ్యామ్ అనే పర్ధాన్ గోండు చిత్రకారుడు భోపాల్‌లో రాత్రి కాపలా పని చేసిన మనిషే. లండన్‌లో ఒక రెస్టారెంటు గోడలకు బొమ్మలు వేయడానికి వెళ్లి, ఆ నగరాన్ని తన అడవి కళ్లతో చూసి 2004లో "ది లండన్ జంగిల్ బుక్" తెచ్చాడు. అందులో బిగ్ బెన్ గడియారం కోడిపుంజు అయింది, ఎందుకంటే ఆయన ఊళ్లో పొద్దు చెప్పేది కోడే. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇంతకాలం దొరలు మన అడవిని చూసి రాశారు. ఆయన వాళ్ల నగరాన్ని చూసి గీశాడు.

సంఘం పెద్దలకు ఒక విన్నపం. ఈ సంచిక మళ్లీ తెచ్చేటప్పుడు పిల్లలు వేసిన ఆరు గడుల కథలకు కొన్ని పేజీలు కేటాయించండి. బాగున్నవీ బాగాలేనివీ అని పోటీ పెట్టకండి, బహుమతులు వద్దు. వచ్చినవన్నీ వేయండి. కాలేజీ అధ్యాపకులకు కూడా మనవి. ప్రాజెక్టు పని ఇచ్చేటప్పుడు ఇంటర్నెట్ నుంచి దించుకునే ఇరవై పేజీల బదులు ఇలాంటి ఒక్క పేజీ అడగండి. కాపీ కొట్టడానికి వీల్లేని ప్రాజెక్టు ఇదొక్కటే.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు ఒక తెల్ల కాగితాన్ని ఆరు మడతలు పెట్టి జేబులో పెట్టుకోండి. ఇంట్లో అందరికంటే పెద్ద మనిషి పక్కన కూర్చోండి. మిగతాది వాళ్లే చెబుతారు.